పాత హాలీవుడ్ సినిమాల్లో జాతిని కించపరిచే సీన్లు: కత్తిరించాలా, కార్డు వేయాలా, మానేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కాలేజీ ఫిల్మ్ క్లబ్ తరఫున 1930ల నుంచి 60ల దాకా వచ్చిన అమెరికన్ సినిమాలు ఆరు, పిల్లల కోసం ఒక పూట పాత కార్టూన్లు వేద్దామనుకుంటున్నారు. జాబితాలో 'గాన్ విత్ ద విండ్', 'డంబో' ఉన్నాయి. నల్లవాళ్ళనీ ఆసియా వాళ్ళనీ వెక్కిరించే ముక్కలు తీసేసి వేయాలా, ముందు హెచ్చరిక పెడితే సరిపోతుందా, గొడవెందుకని మొత్తానికే మానేయాలా అని అడిగారు.

కత్తిరించకండి. హెచ్చరిక పెట్టండి, కానీ అందరూ పెట్టే మూస హెచ్చరిక వద్దు. మానేయాల్సినవి మాత్రం ఒకటి రెండు ఉంటాయి, అవి చివర్లో చెబుతాను.

ముందు సినిమాని ఎవరో ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని ఆసాంతం చూడాలి. ట్రైలర్లు చూసి, ఇంటర్నెట్‌లో చదివి తేల్చేస్తే కుదరదు. నాలుగు గడులు గీసుకోండి: ఎన్నో నిమిషం, ఏం కనిపించింది లేక వినిపించింది, ఎవరు అన్నారు, సినిమా ఎవరి పక్షాన నిలబడింది. నాలుగో గడి నింపడమే కష్టం, మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. రెండు గంటల సినిమాకి ఈ పని నాలుగు గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ఆ సినిమా వేయకపోవడమే మంచిది.

ఆ గడి నింపుతూ పోతే మూడు రకాలు తేలతాయి. మొదటి రకంలో తిట్టేది పాత్ర, సినిమా మాత్రం తిట్టు పడ్డవాడి పక్షాన ఉంటుంది. 1967 నాటి 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్' చూడండి. మిసిసిపీలో ఒక తెల్ల తోట యజమాని పోలీసు డిటెక్టివ్ వేషంలో ఉన్న నల్లజాతి నటుడు సిడ్నీ పోయిటియర్‌ని చెంపమీద కొడతాడు, మరుక్షణం పోయిటియర్ తిరిగి కొడతాడు. అంతవరకూ ఊళ్ళో తెల్లవాళ్ళు అతన్ని అన్న మాటలన్నీ తీసేస్తే ఆ రెండో చెంపదెబ్బకి అర్థమే ఉండదు. ఇలాంటివాటికి భాష గురించి ఒక వాక్యం చాలు.

రెండో రకం, కథకి సంబంధం లేకుండా మధ్యలో వచ్చి పడే ముక్క. 'స్వింగ్ టైమ్'లో (1936) ఫ్రెడ్ ఆస్టెయిర్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడే డాన్సు, 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్'లో (1961) మిక్కీ రూనీ పెట్టుడు పళ్ళు పెట్టుకుని వేసిన జపనీయుడి వేషం ఇలాంటివే. తీసేసినా కథ ఆగదు కాబట్టి కత్తెరకి చెయ్యి దురద పెట్టేది ఇక్కడే. ఆగండి. రూనీ వేషం తీసేస్తే హాలీవుడ్ అంత నాజూకైన సినిమాలో అంత మోటు పని చేసిందన్న సంగతి ప్రేక్షకుడికి తెలిసే దారే పోతుంది. ఇలాంటి సీను ఫలానా చోట వస్తుందని కార్డులో ముందే చెప్పండి, చాలు.

మూడో రకం, ఎముకల్లోనే ఉన్నది. 'గాన్ విత్ ద విండ్' దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. తిట్టు మాటలు తీసేస్తే సినిమా బాగుపడుతుందనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి: ఆ పని 1939లోనే జరిగిపోయింది. నల్లజాతి పత్రికలు, సంఘాలు ముందుగానే అభ్యంతరం చెప్పడంతో నిర్మాత సెల్జ్‌నిక్ నవల నిండా ఉన్న, నల్లవాళ్ళని కించపరిచే తిట్టుని సినిమాలోకి రానివ్వలేదు. నవల్లో కూ క్లక్స్ క్లాన్ (నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ రహస్య ముఠా) దాడిగా ఉన్న ఘట్టంలోంచి క్లాన్ పేరు కూడా ఎత్తేశారు. తెరమీద చూడండి: రాత్రి వేళ, దీపం వెలుగులో ఆడవాళ్ళు కుట్టుపని చేసుకుంటూ ఉంటారు, మెలనీ పుస్తకం చదివి వినిపిస్తుంటుంది, మగవాళ్ళు 'రాజకీయ సమావేశం'కి వెళ్ళారంటారు. వాళ్ళు వెళ్ళింది పేదల గుడిసెల మీద దాడికి. పేరు పోయింది, పని మిగిలింది, ఆ పని చేసినవాళ్ళు కథలో పెద్దమనుషులుగానే మిగిలారు. మీరు ఇంకో పది నిమిషాలు కత్తిరించినా బానిసత్వం ఒక చల్లని సంసారం అనే అబద్ధం అలాగే ఉంటుంది, కాకపోతే ఇంకాస్త నున్నగా తయారవుతుంది.

హెచ్‌బీఓ మ్యాక్స్ 2020 జూన్‌లో దీన్ని కొన్నాళ్ళు తీసేసి, అదే నెల 24న ఒక్క ఫ్రేము కత్తిరించకుండా తిరిగి పెట్టింది. ముందు జాక్వెలిన్ స్టూవర్ట్ అనే సినిమా ప్రొఫెసర్ నాలుగున్నర నిమిషాల పరిచయం చేర్చారు. మీరు అనుకరించదగ్గ పద్ధతి అది.

రెండో పని, మీ చేతిలో ఉన్న కాపీ ఏదో తెలుసుకోవడం. దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు కత్తిరించకపోయినా మీకంటే ముందు ఎవరో కత్తిరించి ఉండొచ్చు. 'ఫాంటేసియా'లో (1940) సగం గుర్రం, సగం ఆడమనిషి రూపంలో ఉన్న కన్యల గిట్టలు తుడిచే నల్ల పిల్ల పాత్రని 1969 విడుదల నుంచే తీసేశారు. తర్వాతి కాపీల్లో కొన్ని షాట్లని పెద్దవి చేసి ఆ పిల్ల ఫ్రేములోకి రాకుండా జరిపారు. 'ద ఫ్రెంచ్ కనెక్షన్'లో (1971) హీరో పోలీసు నోటివెంట వచ్చే జాతి తిట్టున్న ఆరు సెకన్ల ముక్క 2023లో స్ట్రీమింగ్ కాపీలోంచి మాయమైంది. తీసేసినట్టు ముందుగా ఎవరూ ప్రకటించలేదు, చూసినవాళ్ళే పట్టుకున్నారు. ఆ పోలీసు మంచివాడు కాదని సినిమా చెబుతున్న సాక్ష్యమే ఆ ఆరు సెకన్లు. చెప్పకుండా తీసేయడంలో ఉన్న పెద్ద తప్పు అదే: దుర్మార్గుణ్ణి కాస్త మంచివాణ్ణి చేస్తుంది, చూసేవాడికి ఆ సంగతి తెలియదు.

పట్టుకోవడం ఎలాగంటే, మొత్తం నిడివి చూసి మోసపోవద్దు. యూరప్ టీవీ పద్ధతిలో చేసిన పాత డిస్కుల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమా 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. వంద నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, అది కత్తిరింపు కాదు. సబ్‌టైటిల్ ఫైళ్ళు పోల్చండి. పాత డిస్కు నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీ ఫైలుని మీ కాపీ మీద వేసి నడిపించండి. వేగం తేడా ఉంటే మాటలకీ సబ్‌టైటిళ్ళకీ మధ్య ఎడం మొదట్నుంచీ కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. కోత ఉంటే ఒక చోటు దాకా సరిగ్గా కుదిరి, అక్కడ ఒక్కసారిగా ఎడం వచ్చి, ఆ తర్వాత చివరిదాకా అంతే ఉంటుంది. ఆ దూకిన చోటే కోత పడ్డ చోటు. కోత ఉన్న కాపీయే దొరికితే అదే వేయండి, 'ఈ కాపీలో ఫలానా చోట కొన్ని సెకన్లు లేవు' అని కార్డులో రాసి వేయండి.

చట్టం సంగతి కూడా ఒక మాట. మన దేశంలో సర్టిఫికెట్ పొందిన సినిమాని అధికారం లేకుండా మార్చి ప్రదర్శించడం 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం నేరం. మంచి ఉద్దేశంతో కత్తిరించామన్నా లెక్కలోకి రాదు. అలాగే ఇంట్లో చూసుకోవడానికి కట్టిన ఓటీటీ చందాతో హాల్లో వేయకండి, ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి.

ఇప్పుడు కార్డు. ఇది తెలుగులో రాయడం ఇంగ్లీషులో రాయడం కంటే కష్టం, ఎందుకంటే మన మాటలు పక్కదారి పట్టిస్తాయి. 'ఈ చిత్రంలో అభ్యంతరకర సన్నివేశాలున్నాయి' అని రాస్తే హాల్లో సగం మంది బూతు సీన్ల కోసం ఎదురు చూస్తారు. తెలుగులో ఆ మాటకి స్థిరపడిన అర్థం అది. 'జాతి' అన్న మాటా ఒంటరిగా నిలబడదు. జాతి గీతం, జాతి కుక్క, తక్కువ జాతి, నల్లజాతి అన్నీ మనకి ఒకే మాట. అందుకని 'జాతిపరమైన అంశాలు' అని నీళ్ళు నమలకుండా ఎవరిని ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలి. 'రెడ్ ఇండియన్లు' అని మనం ఇప్పటికీ అలవాటుగా అంటాం. కార్డులో 'అమెరికా మూలవాసులు' అని రాయండి. 'నీగ్రో' అన్నది ఆ రోజుల్లో నల్లజాతి నాయకులు కూడా వాడిన మాటే, పాత్ర అంటే అననివ్వండి. మీ గొంతుతో మీరు రాసే చోట 'నల్లజాతి వాళ్ళు' లేదా 'ఆఫ్రికన్ అమెరికన్లు' అనండి.

'ఆ కాలం అలాంటిది' అన్న వాక్యం ఒక్కటీ దయచేసి రాయొద్దు. అది అబద్ధం కూడా. క్లాన్‌ని హీరోలుగా చూపిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' 1915లో వచ్చినప్పుడే నల్లజాతి వాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ఊరూరా దాన్ని ఆపించాలని పోరాడింది. ఆ కాలంలో అందరూ ఒప్పుకున్నారంటే, ఒప్పుకోనివాళ్ళు మనుషుల లెక్కలో లేరన్నట్టే.

'గాన్ విత్ ద విండ్'కి పనికొచ్చే కార్డు ఇలా ఉండొచ్చు:

'ఈ సినిమా 1939లో వచ్చింది. బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ళు యజమానుల నీడలో తృప్తిగా ఉన్నట్టు ఇందులో చూపించారు. అది నిజం కాదు. విడుదలైన రోజుల్లోనే నల్లజాతి పత్రికలు దీన్ని తప్పుపట్టాయి. కత్తిరించకుండా చూపిస్తున్నాం. ముందు ఐదు నిమిషాల పరిచయం, తర్వాత చర్చ ఉంటాయి.'

నలభై మాటలు దాటనివ్వకండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, ఆరేడు లైన్లు, 20 సెకన్లు. డిస్నీ ప్లస్ 2020 అక్టోబర్‌లో పెట్టిన కార్డు 12 సెకన్లు ఉండేది, దాటేసే వీలు లేకుండా. ఇంగ్లీషుకి అది చాలు, తెలుగు అక్షరాలకి చాలదు. ఎన్ని సెకన్లు అన్నదానికి సులువైన కొలత: కార్డుని పైకి, తాపీగా ఒకసారి చదివి గడియారం చూసుకోండి, దానికి ఐదు సెకన్లు కలపండి. డిస్నీ కార్డులో మెచ్చుకోదగ్గది, ఈ చిత్రణలు అప్పుడూ తప్పే ఇప్పుడూ తప్పే అని తేల్చి చెప్పడం. 2025లో దాన్ని కుదించి, సినిమా తీసినదాన్ని తీసినట్టే చూపిస్తున్నామని, అందులో మూస చిత్రణలు ఉండొచ్చని మాత్రమే మిగిల్చారు. 'ఉండొచ్చు' ఏమిటి? ఉన్నాయో లేవో చూసుకునే కదా కార్డు వేసేది!

పరిచయం ఐదు నిమిషాలు మించితే జనం ఫోన్లు తీస్తారు. ముందు సినిమాని సినిమాగా పరిచయం చేయండి, తర్వాత దాని వెనక నిజంగా జరిగిన రెండు సంగతులు చెప్పండి. అభిప్రాయాల కంటే సంగతులు బలంగా పనిచేస్తాయి. అట్లాంటాలో 1939 డిసెంబర్‌లో జరిగిన మొదటి ప్రదర్శనకి సినిమాలో నటించిన నల్లజాతి నటులు రాలేకపోయారు, తెల్లవాళ్ళ హాల్లోకి వాళ్ళకి ప్రవేశం లేదు. ఇంట్లో పనిచేసే బానిస మామీ పాత్రకి హాటీ మెక్‌డానియల్ 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ అందుకుంది, ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి నటి. ఆ రాత్రి ఆమెని కూర్చోబెట్టింది మిగతా బృందానికి దూరంగా గోడ పక్క చిన్న బల్ల దగ్గర. ఈ రెండూ చెబితే తెరమీద మామీ కనిపించిన ప్రతిసారీ హాలు వేరే కళ్ళతో చూస్తుంది. వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

హాల్లో ఎవరున్నారన్నది కూడా ఆలోచించండి. మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో ఈ సినిమా చూసిన రోజు గురించి రాశాడు. థియేటర్లో నల్లవాడు తనొక్కడే, బటర్‌ఫ్లై మెక్‌క్వీన్ పనిపిల్ల వేషంలో కీచుగొంతుతో నటన మొదలుపెట్టగానే కార్పెట్ కింద దూరిపోవాలనిపించిందట. మీ హాల్లో ఆఫ్రికన్ విద్యార్థులు ఒకరిద్దరు ఉండొచ్చు, హైదరాబాద్‌లో అయితే తప్పకుండా ఉంటారు. చర్చలో వాళ్ళ వైపు తిరిగి 'మీకేమనిపించింది చెప్పండి' అని మైకు ఇవ్వకండి. ఒక ఖండం తరఫున మాట్లాడే బరువు టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషి మీద పెట్టడం మర్యాద కాదు. వాళ్ళంతట వాళ్ళు చెయ్యి ఎత్తితే అది వేరు.

మన ప్రేక్షకులతో వచ్చే అసలు ఇబ్బంది నవ్వు. పనిమనిషి యాసకి, బెదురు చూపులకి హాలు పగలబడి నవ్వుతుంది, ఎందుకంటే ఆ సీను నవ్వించడానికే తీశారు. నవ్వినవాళ్ళని మందలించవద్దు, బిగుసుకుపోతారు. చర్చలో ఒక పోలిక వాడండి: పాత తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస ఎవరికి పెట్టేవాళ్ళు? రౌడీకీ, కమెడియన్‌కీ. హీరోకి ఏ యాస? పోలిక సరిసమానం కాదు, అక్కడ వెనకాల బానిసత్వం ఉంది. కానీ ఒక గొంతుని నవ్వులాటకే కేటాయించడం ఎలా పనిచేస్తుందో అర్ధనిమిషంలో అర్థమవుతుంది. 'నల్లవాళ్ళ గొడవ అమెరికాది, మనకేంటి' అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు అది. ఆ గుర్రపు దళం వాళ్ళ వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడున్నారు.

సబ్‌టైటిల్స్ మీరే తెలుగులో వేస్తుంటే తిట్టుని 'నల్లోడు' అని మెత్తబరచకండి. మన ఇళ్ళలో ముద్దుగా కూడా అనే మాట అది, తెరమీద మనిషి ముఖం ఎందుకలా మాడిపోయిందో చూసేవాడికి తెలియదు. ఇంగ్లీషు తిట్టునే తెలుగు లిపిలో ఉంచి, అది బానిసల్ని పిలిచిన నీచమైన మాట అని పరిచయంలోనే చెప్పేయండి. పోస్టర్ మీద, వాట్సాప్ ఆహ్వానంలో మాత్రం ఆ మాట ఎక్కడా వద్దు.

టీవీ సంగతికొస్తే, ఎపిసోడ్ మొత్తం ఎత్తేయడం 2020 జూన్‌లో ఒక గాలిలా వీచింది. అమెరికన్ కామెడీ సీరియల్ '30 రాక్'లో ముఖానికి నల్లరంగున్న నాలుగు ఎపిసోడ్లు దాన్ని సృష్టించిన టీనా ఫే అడగడంతో తీసేశారు. బ్రిటిష్ కామెడీ సీరియల్ 'ఫాల్టీ టవర్స్'లో 1975 నాటి 'ద జర్మన్స్' ఎపిసోడ్ తీసేసి, విమర్శలు రాగానే హెచ్చరికతో తిరిగి పెట్టారు. అందులో తిట్లు తిట్టే ముసలి మేజర్ని సీరియలే వెక్కిరిస్తోంది కాబట్టి అది మొదటి రకం. తొందరపడి తీసేసి తర్వాత నాలుక కరుచుకోవడానికి కారణం నాలుగో గడి నింపకపోవడమే. 'ద సింప్సన్స్' కార్టూన్ సీరియల్లోని భారతీయ దుకాణదారు అపూ గురించి కూడా ఒకరు అడిగారు. ఆ పాత్ర అమెరికాలో పెరిగిన మన పిల్లల్ని ఎంత వేధించిందో 2017లో డాక్యుమెంటరీగా తీసిన హరి కొండబోలు తెలుగు కుటుంబం నుంచి వచ్చినవాడే. అతను అడిగింది పాత ఎపిసోడ్లు తగలబెట్టమని కాదు, ఆ గొంతు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని. ఆ గొంతు ఇస్తూ వచ్చిన తెల్ల నటుడు హాంక్ అజారియా 2020లో మానేశాడు, పాత ఎపిసోడ్లు ఉన్నచోటే ఉన్నాయి. సరైన పంపకం అది.

ఇక పిల్లల పూట. పెద్దలకి చెప్పిందంతా ఇక్కడ తిరగబడుతుంది. ఏడేళ్ళ లోపు పిల్లలకి కార్డు అర్థం కాదు, చర్చ అక్కర్లేదు. ఆ కార్టూన్లే వేయకండి. డిస్నీ కూడా 'డంబో', 'పీటర్ పాన్' లాంటివాటిని కిడ్స్ ప్రొఫైల్స్ నుంచి తీసి పెద్దల ప్రొఫైల్స్‌లో ఉంచింది. పిల్లల విషయంలో భయం వాళ్ళు నొచ్చుకుంటారని ఒక్కటే కాదు, అర్థం తెలియకుండా నేర్చుకుని బయట అనేస్తారని. బ్రిటన్ సెన్సార్ వాళ్ళు 2024లో 'మేరీ పాపిన్స్' రేటింగ్‌ని యూ (అందరూ చూడొచ్చు) నుంచి పీజీకి (పిల్లలు పెద్దల తోడుతో చూడాలి) మార్చింది రెండుసార్లు వినిపించే ఒకే ఒక్క పాత తిట్టు పదం వల్ల.

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి వేస్తే రిమోట్ చేతిలో ఉంచుకోండి. 'డంబో'లో నల్లవాళ్ళని వెక్కిరించేలా గీసిన కాకులు వచ్చినప్పుడు కాకుండా, అంతకుముందు వానలో రాత్రిపూట గుడారం ఎత్తే సీను దగ్గర ఆపండి. గూటాలు కొడుతున్న నల్లజాతి కూలీలకి ముఖాలే గీయలేదు. 'వీళ్ళకి కళ్ళూ ముక్కూ ఎందుకు లేవు?' అని అడిగి ఊరుకోండి. సమాధానం వాళ్ళే వెతుక్కుంటారు. 'టామ్ అండ్ జెర్రీ' ఇంకా సులువు, ఎందుకంటే అందరికీ తెలుసు. చీపురు పట్టుకుని టామ్‌ని తరిమే ఆవిడకి మేజోళ్ళు, చెప్పులు, ఏప్రాన్ తప్ప ముఖం కనపడదు. మనలో చాలామంది ఆవిణ్ణి ఇంటి ఓనరనుకున్నాం. గీసినవాళ్ళ ఉద్దేశంలో ఆవిడ దక్షిణాది నల్లజాతి పనిమనిషి. 1960ల్లో టీవీ కోసం కొన్నిట్లో ఆమెని ఐరిష్ తెల్లావిడగా మళ్ళీ గీశారు, 1990ల్లో కొన్నిటికి గొంతు మార్చి డబ్ చేశారు. మీరు చిన్నప్పుడు చూసింది ఏ గొంతుతోనో పోల్చి చూసుకోండి.

మానేయాల్సినవాటి గురించి: 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్'ని సరదా ప్రదర్శనగా మూడు గంటలు వేయొద్దు. చచ్చిపోయిన క్లాన్‌కి మళ్ళీ ప్రాణం పోసిన సినిమా అది. సినిమా చరిత్ర తరగతిలో పది నిమిషాల ముక్క, గంట పాఠం, అంతే. దక్షిణాది తోటల జీవితాన్ని తీయగా చూపించిన 'సాంగ్ ఆఫ్ ద సౌత్'ని (1946) అమెరికాలో డిస్నీ వీడియోగా కూడా ఎప్పుడూ విడుదల చేయలేదు. మీకు ఎక్కడైనా దొరికిందంటే అది చాలావరకు దొంగ కాపీయే అయ్యుంటుంది, కాబట్టి వదిలేయండి.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. సినిమా మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోతే ఆపకండి, కారణం అడగకండి, తలుపు దగ్గర ఉన్న కుర్రాడికి టికెట్ డబ్బులు తిరిగి ఇచ్చేయమని ముందే చెప్పి ఉంచండి. చర్చ మొదలయ్యే టైమ్ కూడా గోడమీద రాసి పెట్టండి. సినిమా చూడలేకపోయినవాళ్ళు కొందరు చర్చకి మాత్రం తిరిగొస్తారు.